సారా వ్యతిరేక ఉద్యమం ఊరి నుంచి ఊరికి ఎలా పాకిందో తేల్చడానికి సలహా కావాలి

నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు సారా దుకాణాన్ని మూయించడం, ఆ ఉదంతం అక్షరాస్యతా వాచకంలో పాఠమై పల్లెలకు చేరడం, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం రావడం పెద్దలకు తెలిసినవే. మిగతా ఊళ్లను కదిలించింది పాఠమా, చుట్టరికాలా అన్నదే నా పరిశోధనాంశం. అమెరికాలోని అయోవా మొక్కజొన్న రైతులపై సామాజిక శాస్త్రవేత్తలు రయాన్, గ్రాస్ 1943లో ప్రచురించిన అధ్యయనంలో, సంకర విత్తనం సంగతి మొదట చెప్పినవారిలో అమ్మకందారులే ఎక్కువైనా, వేయడానికి ఒప్పించింది మాత్రం ప్రధానంగా ఇరుగుపొరుగు రైతులేనని తేలింది. కలిగిరి వైపు ఒక పెద్దావిడ కూడా పాఠం ఊసెత్తకుండా, "మా తోడికోడలు పోతా ఉంటే నేనింట్లో కూర్చుంటానా?" అన్నారు.

అయితే రెండిళ్లలోనూ కూలి డబ్బులు సారాకే పోతున్నప్పుడు, ఒకరిని చూసి మరొకరు కదిలారా, ఒకే బాధ ఇద్దరినీ విడివిడిగా కదిలించిందా అన్నది ఇన్నేళ్ల తర్వాత జ్ఞాపకాలను బట్టి (అవీ తర్వాత విన్న కథలతో కలిసిపోయి ఉంటాయి) ఎలా విడదీయాలి? ఎవరి తర్వాత ఎవరు చేరారో అడిగితే చాలదని, చేరని ఇళ్లవారినీ కలవాలని నా అభిప్రాయం. ఇటువంటి క్షేత్ర పరిశోధన చేసినవారు ప్రశ్నావళిని ఎలా కూర్చుకున్నారో, నాటి సారా దుకాణాల వేలంపాటలు వాయిదా పడిన వివరాలు గ్రామాలవారీగా ఎక్కడ దొరుకుతాయో దయచేసి తెలియజేయగలరు.