పెద్ద పిల్లల ఒంట్లో ఒత్తిడి హార్మోను ఎక్కువనే మాట ఎంతవరకు నిలుస్తుంది?

బడిపంతులమ్మ:
మా పాఠశాలలో వచ్చే నెల తల్లిదండ్రుల సమావేశం ఉన్నది. అక్కడ పంచడానికి తయారుచేస్తున్న కరపత్రంలో మా సహోపాధ్యాయిని ఒకరు ఈ వాక్యం చేర్చారు: "తొలిచూలు బిడ్డల ఒంట్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను జీవితాంతం ఎక్కువగా ఉంటుందని పరిశోధనలు తేల్చాయి." ఆధారం అడిగితే ఒక వీడియో ఉపన్యాసం చూపించారు. అందులో వక్త "పరిశోధకులు" అన్నారే గాని, ఎవరు, ఎక్కడ, ఎందరిని, ఏ వేళలో పరీక్షించారో ఒక్క ముక్క చెప్పలేదు. నేను నలుగురిలో పెద్దదాన్ని. ఆ వాక్యం చదవగానే నా కథే ఎవరో రాసినట్టు అనిపించింది. అలా అనిపించడం వల్లనే దాన్ని నమ్మడానికి తొందరపడుతున్నానేమో అనే సందేహం కూడా కలిగింది. ఈ వాక్యాన్ని ఉంచాలా, తీసివేయాలా? తెలిసినవారు కారణాలతో సహా చెప్పగలరు.

పెద్దకూతురు:
ఉంచాలనే నా అభిప్రాయం. తొలి బిడ్డను పెంచేటప్పుడు తల్లిదండ్రులకు అనుభవం ఉండదు, ఆశలన్నీ ఆ బిడ్డ మీదే ఉంటాయి, రెండో బిడ్డ పుట్టిన రోజు నుంచి "నువ్వు పెద్దదానివి" అనే మాట మొదలవుతుంది. గద్దె దిగిన రాజు వంటి ఆ స్థితి గురించి ఆస్ట్రియా మనస్తత్వవేత్త ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ దాదాపు వందేళ్ల కిందటే రాశారు. 1959లో అమెరికా మనస్తత్వవేత్త స్టాన్లీ షాక్టర్ ప్రచురించిన ప్రయోగాలలో, కాసేపట్లో విద్యుత్ షాకులు ఇస్తామని చెప్పినప్పుడు ఒంటరిగా కాక పదిమందితో కలిసి ఎదురుచూడాలని కోరుకున్నవారిలో తొలి సంతానమైన యువతులు ఎక్కువగా ఉన్నారు. ఇక హార్మోన్ల విషయానికి వస్తే, 1979లో ఎలినార్ మకోబీ బృందం బొడ్డుతాడు రక్తాన్ని పరీక్షించి, తొలి బిడ్డలలో ప్రొజెస్టిరాన్, ఈస్ట్రోజెన్లు ఎక్కువగా ఉన్నాయని ప్రకటించింది. పుట్టుక వరసను బట్టి ఆ హార్మోన్లు మారినప్పుడు కార్టిసాల్ మాత్రం ఎందుకు మారకూడదు? ఇంట్లో పెద్దపిల్లలు పడే భారాన్ని ఇన్నాళ్లకు ఎవరో ఒకరు రక్తపు బొట్టులో చూడగలిగితే, దాన్ని చప్పున కొట్టిపారేయడం న్యాయం కాదు.

ప్రయోగశాల:
నేను ఒక ఆసుపత్రిలో 18 ఏళ్లుగా హార్మోను పరీక్షలు చేస్తున్నాను. పెద్దకూతురు గారి బాధను గౌరవిస్తూనే, ముందుగా కొలత సంగతి చెప్పాలి. కార్టిసాల్ అనేది ఎత్తు లాగా మనిషికి ఒక అంకె చొప్పున ఉండేది కాదు. మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి, పిట్యూటరీ మూత్రపిండాలపై ఉండే అడ్రినల్ గ్రంథులకు కబురు పంపగా విడుదలయ్యే ఈ హార్మోను, నిద్ర లేచిన తర్వాత 30 నుంచి 45 నిమిషాల్లో శిఖరానికి చేరి, పగలంతా తగ్గుతూ వచ్చి, అర్ధరాత్రి ప్రాంతంలో అడుగంటుతుంది. ఇంటర్ చదివే అక్క తెల్లవారుజామున 5 గంటలకు, ఆరో తరగతి తమ్ముడు 7 గంటలకు లేచే ఇంట్లో, ఇద్దరి లాలాజలాన్నీ ఉదయం ఏడున్నరకు తీసి పోల్చితే మనం పోల్చేది వాళ్లు లేచిన వేళలనే. నిద్ర తక్కువ కావడం, కాఫీ, పొగ తాగడం, ఉబ్బసానికి వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలరు, గర్భనిరోధక మాత్రలు, అప్పుడే వచ్చిన జ్వరం, ఇవన్నీ ఈ అంకెను కదిలిస్తాయి. అందుకే ఈ రంగంలో జాగ్రత్తగా పనిచేసేవారు ఒక్క నమూనాతో తృప్తిపడక, కొన్ని రోజుల పాటు, లేచిన క్షణం నుంచి వేళ రాసుకుంటూ నమూనాలు తీస్తారు.

ఇంకొక చిక్కు. సాధారణ స్థాయి వేరు, ఒత్తిడి ఎదురైనప్పుడు అది పెరిగే తీరు వేరు. జర్మనీలోని ట్రియర్ నగరంలో 1993లో రూపొందించిన పరీక్షలో, ముఖంలో ఏ భావమూ చూపించని పరీక్షకుల ముందు మనిషి చేత 5 నిమిషాలు మాట్లాడించి, మరో 5 నిమిషాలు నోటిలెక్కలు చేయిస్తారు. ఆ తర్వాత పెరిగిన కార్టిసాల్‌ను "ఈ మనిషిలో ఎప్పుడూ ఉండే కార్టిసాల్" అని చెప్పడానికి వీలు లేదు. పైగా ఎక్కువ ఉంటే చెడు, తక్కువ ఉంటే మంచి అనే సూత్రం కూడా లేదు. 2007లో గ్రెగరీ మిల్లర్ బృందం అప్పటి వరకు వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే, ఒత్తిడి మొదలైన కొత్తలో పెరిగే కార్టిసాల్, కాలం గడిచేకొద్దీ తగ్గే ధోరణి కనిపించింది. కాబట్టి దీర్ఘకాలం భారం మోసిన పెద్దకూతురిలో ఉదయపు కార్టిసాల్ తక్కువగా కనిపించినా ఆశ్చర్యపోనక్కరలేదు. నెలల తరబడి లెక్క కావాలంటే వెంట్రుకలలో కొలవవచ్చు. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కనుక కుదురు దగ్గరి 3 సెంటీమీటర్లు గత 3 నెలల కథ చెబుతాయి. మొన్ననే తిరుమలలో తలనీలాలు ఇచ్చి వచ్చిన పిల్లలున్న చోట మాత్రం ఆ పరిశోధకులు కొన్ని నెలలు ఆగవలసి వస్తుంది.

కాన్పుల వార్డు:
బొడ్డుతాడు రక్తం మాట వచ్చింది కాబట్టి నర్సుగా నేను చూసినది చెబుతాను. పెద్దకూతురు గారు చెప్పిన 1979 అధ్యయనం లైంగిక హార్మోన్ల గురించినది, కార్టిసాల్ గురించినది కాదు. కార్టిసాల్‌ను బొడ్డుతాడులో కొలిస్తే ప్రధానంగా తెలిసేది పురుడు ఎలా జరిగిందన్నదే. నొప్పులు పడి పుట్టిన బిడ్డలో అది ఎక్కువగా, నొప్పులు రాకముందే తేదీ పెట్టుకుని చేసిన సిజేరియన్‌లో తక్కువగా ఉంటుంది. తొలికాన్పు నొప్పులు ఎక్కువసేపు ఉంటాయని మన ఇళ్లలో ప్రతి అమ్మమ్మకూ తెలుసు.

ఇప్పుడు మన రాష్ట్రాల సంగతి చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో సుమారు 61 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 42 శాతం కాన్పులు సిజేరియన్లే. మొదటిసారి గంటల తరబడి నొప్పులు పడ్డాక ఆపరేషన్ అయిన తల్లికి, రెండోసారి చాలావరకు ముందే తేదీ నిర్ణయించి నొప్పులు రాకుండానే చేస్తారు. ఇలాంటి వందమంది తల్లుల బిడ్డల బొడ్డుతాడు రక్తం పరీక్షిస్తే, తొలి బిడ్డల్లో కార్టిసాల్ ఎక్కువ, మలి బిడ్డల్లో తక్కువ అని చక్కగా తేలుతుంది. ఒకే తల్లి బిడ్డలనే పోల్చారు కాబట్టి ఎవరూ వేలెత్తి చూపలేరు కూడా. కాని ఆ తేడాను తెచ్చిపెట్టింది ఆపరేషన్ గదిలో జరిగిన నిర్ణయం. అది బిడ్డ జీవితాంతం మిగులుతుందని ఆ ఒక్క పరీక్షతో ఎవరూ చెప్పలేరు. ఇంకా ఒకటి ఉన్నది: మన దగ్గర తొలికాన్పుకు అమ్మాయి పుట్టింటికి వస్తుంది, రెండోదానికి చాలామంది అత్తింటనే ఉండిపోతారు. తల్లి మనఃస్థితిని కొలిచేవారు ఈ తేడాను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

లెక్కలు చూసేవాడు:
కాన్పుల వార్డు గారు చెప్పినది ఈ చర్చ మొత్తానికి కీలకమని నేను భావిస్తున్నాను. పుట్టుక వరస దానంతట అది ఏ గ్రంథినీ తాకదు. తల్లి వయసు, పురుడు, ఇంటి ఆదాయం, పిల్లల సంఖ్య, వాళ్ల మీద పడే పని, ఇవన్నీ దాని వెంట వస్తాయి. వీటిలో ఏది పనిచేసిందో విడదీయని అధ్యయనం నాకు వరసను చూపిస్తుంది గాని కారణాన్ని చూపించదు.

అన్నిటికన్నా పాత చిక్కు కుటుంబ పరిమాణం. నాలుగో సంతానం అనేవాళ్లు కనీసం నలుగురు పిల్లలున్న ఇళ్లలోనే ఉంటారు. తొలి సంతానం మాత్రం ఒక్క బిడ్డ ఉన్న ఇంటి నుంచి ఆరుగురున్న ఇంటి వరకు అన్నిచోట్లా ఉంటారు. వేర్వేరు ఇళ్ల పిల్లలను కలిపి పోల్చితే, పెద్ద కుటుంబాల పేదరికం కూడా నాలుగో బిడ్డ ఖాతాలోకే పోతుంది. మన సమాజంలో మరొక మెలిక: ఇద్దరు ఆడపిల్లలు పుట్టాక మగబిడ్డ కోసం మూడోసారి చూసిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి, అందువల్ల మూడో సంతానంలో ఇద్దరక్కలున్నవారు మామూలు కన్నా ఎక్కువ. ఒకే ఇంటి పిల్లలను ఒకే రోజు పోల్చితే ఇవి తొలగుతాయి గాని, 14 ఏళ్ల అక్కను 10 ఏళ్ల తమ్ముడితో పోల్చినట్టవుతుంది. యౌవన దశలో హార్మోన్లన్నీ మారుతూ ఉంటాయి. ఇద్దరినీ అదే వయసులో, వేర్వేరు సంవత్సరాల్లో కొలవడమే సరైన దారి. అది ఖర్చుతో, ఓపికతో కూడిన పని కనుకనే అటువంటి అధ్యయనాలు అరుదు.

ఈ జాగ్రత్తలు తీసుకున్నచోట ఏమి తేలిందో చూడండి. 1983లోనే ఎర్న్‌స్ట్, ఆంగ్‌స్ట్ అనే స్విట్జర్లాండ్ పరిశోధకులు అప్పటి వరకు వచ్చిన సాహిత్యాన్ని వడకట్టి, వ్యక్తిత్వంపై పుట్టుక వరస ప్రభావాలుగా చెప్పినవాటిలో చాలావరకు పద్ధతి లోపాలేనన్నారు. 2015లో రోరర్, ఎగ్లోఫ్, ష్ముక్లే అమెరికా, బ్రిటన్, జర్మనీ దేశాలకు చెందిన 20 వేలకు పైగా మనుషుల వివరాలు పరిశీలించారు. ఆందోళనకు దగ్గరి లక్షణమైన భావోద్వేగ స్థిరత్వంతో సహా ప్రధాన లక్షణాలలో నిలిచే తేడా కనిపించలేదు. తెలివితేటల పరీక్షలో మాత్రం చిన్న తేడా ఉన్నది. అదే ఏడాది డామియన్, రాబర్ట్స్ 3.77 లక్షల మంది అమెరికా ఉన్నత పాఠశాల విద్యార్థులను చూస్తే పుట్టుక వరసకూ స్వభావానికీ మధ్య సగటు సహసంబంధం (0 అంటే ఏ సంబంధమూ లేదు, 1 అంటే పూర్తి సంబంధం) 0.02 దగ్గర ఆగింది. ఇన్ని లక్షల మందిలో స్వభావమే అంతగా మారనప్పుడు, కొద్దిమంది లాలాజలంలో పెద్ద తేడా దొరికిందంటే నేను దాన్ని మళ్లీ మళ్లీ పరీక్షించమంటాను. ఉదయపు స్థాయి, రాత్రి స్థాయి, పగలంతా తగ్గే తీరు, లేచాక పెరుగుదల, రోజు మొత్తం అని 5 కొలతలు, తొలి, నడిమి, కడగొట్టు, ఏకైక సంతానం మధ్య 4 పోలికలు పెట్టుకుంటే 20 పరీక్షలవుతాయి. అసలు ఏ తేడా లేకపోయినా, వాడుకలో ఉన్న 5 శాతం హద్దు (కాకతాళీయంగా అంత తేడా కనిపించే అవకాశం 5 శాతం లోపు ఉండాలనే నియమం) ప్రకారం వాటిలో సగటున ఒకటి "ముఖ్యమైన తేడా"గా బయటపడుతుంది. వీడియోలకు ఎక్కేది ఆ ఒక్కటే.

పెద్దకూతురు:
కార్టిసాల్ కొలత గురించి, పురుడు గురించి చెప్పినవి ఒప్పుకుంటున్నాను. షాక్టర్ ప్రయోగం హార్మోన్లను కొలవలేదన్నది కూడా నిజమే. కాని విషయం ముగిసిపోయిందన్నట్టు మాట్లాడటం సరికాదు. ఈ మధ్యనే ఆష్టన్, లీ అనే కెనడా పరిశోధకులు సుమారు 7 లక్షల మంది వివరాలతో, నిజాయితీ, సర్దుకుపోయే గుణం నడిమి, కడగొట్టు సంతానంలో కొంత ఎక్కువని చూపించారు. మన దేశం సంగతే చూస్తే, జయచంద్రన్, పాండే అనే ఆర్థికవేత్తలు 2017లో భారతదేశాన్ని సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాలతో పోల్చి, మన పిల్లలు పొట్టిగా ఉండటం రెండో బిడ్డతో మొదలై, వరస పెరిగేకొద్దీ పెరుగుతుందని రాశారు. ఎముకలో కనిపించేది రక్తంలో కనిపించదని ఎలా అంటారు?

లెక్కలు చూసేవాడు:
మంచి ప్రశ్న. ఆష్టన్, లీ అధ్యయనం వేర్వేరు కుటుంబాల మనుషులను పోల్చినది. పిల్లల సంఖ్య సమానంగా ఉన్నవారినే చూసినప్పుడు ఆ తేడాలు తగ్గిపోయాయని వాళ్లే చెప్పారు. ఎత్తు గురించిన విశ్లేషణపై స్పియర్స్, కాఫీ, బెర్మన్ అనే పరిశోధకులు ఆ తర్వాత అభ్యంతరం లేవదీశారు: ఆ విశ్లేషణకు వాడిన సర్వే 5 ఏళ్లలోపు పిల్లలనే కొలుస్తుంది, అందువల్ల ఇద్దరు పిల్లల ఎత్తులూ నమోదైన ఇళ్లు ఎడం లేకుండా వెంటవెంటనే కన్న ఇళ్లే. ఆ వాదం ఎటు తేలినా ఒకటి గమనించండి: అక్కడ నష్టపోయేది మలి సంతానం, మన కరపత్రం జాలిపడుతున్నది తొలి సంతానం మీద.

ఇంట్లో జరిగేది హార్మోనులో కనిపించదని నేను అనను. కరీబియన్ ద్వీపం డొమినికాలోని ఒక పల్లెలో మానవశాస్త్రవేత్త మార్క్ ఫ్లిన్ 1988 నుంచి ఏళ్ల తరబడి పిల్లల లాలాజలం సేకరించారు. ఇంట్లో గొడవ జరిగినప్పుడు పిల్లల కార్టిసాల్ పెరగడం ఆయన చూశారు. అక్కడ ఆయన వెతికింది ఆ ఇంట్లో ఆ రోజు ఏమి జరిగిందన్నది. 2007లో నార్వే నుంచి వచ్చిన అధ్యయనం కూడా ఇక్కడ పనికొస్తుంది. సైన్యపు పరీక్షకు వచ్చిన సుమారు 2.4 లక్షల యువకులలో పెద్దవాళ్లకు రెండోవాళ్ల కన్నా తెలివితేటల పరీక్షలో 2 పాయింట్ల పైచిలుకు ఎక్కువ వచ్చింది. కాని పసితనంలోనే అన్నో అక్కో చనిపోగా ఇంట్లో పెద్దవాడిగా పెరిగిన రెండో సంతానానికి పెద్దవాళ్లతో సమానంగా వచ్చింది. గర్భంలోని వరస కన్నా ఇంట్లోని స్థానమే పనిచేస్తుందని దాని అర్థం.

బడిపంతులమ్మ:
అందరికీ కృతజ్ఞతలు. సహోపాధ్యాయినికి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. వాక్యం తీసివేయడానికి ఆమె ఒప్పుకున్నారు, అయితే ఆ స్థలం ఖాళీగా వదలవద్దని కోరారు. ఇలా రాశాము: "మీ పెద్ద బిడ్డ తమ్ముళ్ల, చెల్లెళ్ల పనులకు, ఇంటిపనికి రోజుకు ఎన్ని గంటలు వెచ్చిస్తున్నదో, ఎన్ని గంటలకు పడుకుంటున్నదో ఒక వారం పాటు రాసి చూడండి. ఆ కాగితం తరగతి ఉపాధ్యాయులకు చూపించండి." హార్మోను మాట ఎక్కడా లేదు. అభ్యంతరాలుంటే తెలుపగలరు.

పెద్దకూతురు:
ఒక్క మార్పు చేయండి. "పెద్ద బిడ్డ" అని కాకుండా "మీ పిల్లల్లో ప్రతి ఒక్కరూ" అని రాయండి. నార్వే సంగతి చదివిన రాత్రి మా రెండో చెల్లెలికి ఫోన్ చేశాను. నేను చదువు కోసం హైదరాబాదు వచ్చేసిన ఏడాది నుంచి అమ్మకు వంటలో సాయం, తమ్ముణ్ణి బడికి దింపడం, నాన్న మందులు చూడటం అన్నీ తన మీదే పడ్డాయట. ఇన్నేళ్లలో నేను తనను ఎప్పుడూ అడగలేదు.