క్రిస్టెన్ గాడ్సీది పరిశోధనా, పాత రోజుల మీద మోజా?

ముక్కుసూటి:
ఈ అమెరికన్ ఎథ్నోగ్రాఫర్, అంటే జనం మధ్య ఉండి వాళ్ల బతుకు గురించి రాసే పరిశోధకురాలు, ఒకప్పటి సోషలిస్టు దేశం బల్గేరియాలో పనిచేసింది. నల్లసముద్రం ఒడ్డున హోటళ్లలో పనిచేసే ఆడవాళ్ల మీద 2005లో పుస్తకం రాసింది. తర్వాత సీసం, జింకు గనులు దెబ్బతిన్న అక్కడి మదన్ ప్రాంతపు ముస్లింల మీద. అంతవరకూ దండం పెడతాను. 2018కల్లా సోషలిజంలో ఆడవాళ్ల బతుకు, పడకగదితో సహా, మెరుగంటూ ఇంకో పుస్తకం! ఏమైంది ఈవిడకి?

ఎర్రమందారం:
ఏమీ కాలేదు. చేతిలో జీతం, పిల్లలకు క్రెష్, ఉద్యోగం పోని ప్రసూతి సెలవు ఉంటే డబ్బు కోసం మొగుణ్ణి భరించక్కర్లేదంది. నియంతృత్వాన్ని సమర్థించట్లేదని అందులోనే రాసింది. చదివే మాట్లాడుతున్నారా?

ముక్కుసూటి:
రొమేనియా కమ్యూనిస్టు నియంత చౌషెస్కు 1966లో డిక్రీ 770 అనే ఉత్తర్వుతో గర్భస్రావాలు నిషేధించాడు. దొంగచాటుగా చేయించుకుని వేలమంది పోయారు. ఇదేనా మెరుగు?

ఎర్రమందారం:
అది రొమేనియా అండీ. ఈవిడ పనిచేసింది బల్గేరియాలో.

ముక్కుసూటి:
అక్కడా 1968లో గర్భస్రావాల మీద ఆంక్షలు పెట్టారు.

ఎర్రమందారం:
ఆంక్ష వేరు, నిషేధం వేరు.

గోదారిగట్టు:
పాప్‌కార్న్ తెచ్చుకున్నా.

పక్కింటి_పిన్ని:
హోటళ్ల పుస్తకం సంగతి వదిలేశారేం? సోషలిజం పోయాక వచ్చిన ప్రైవేటీకరణలో ఆడవాళ్లే ముందు రోడ్డున పడతారని అందరూ అనుకున్నారు. టూరిజంలో ఉన్నవాళ్లు నిలదొక్కుకున్నారు. పాత సోషలిస్టు ప్రభుత్వంలో అబ్బిన చదువు, విదేశీ భాషలే ఆదుకున్నాయి.

ముక్కుసూటి:
పిన్నిగారూ, మా నాన్న పార్టీ హోల్‌టైమర్. ముందుగదిలో స్త్రీ విముక్తి మీద మీటింగు, వంటింట్లో అమ్మ ఇరవైమందికి టీలు. నీకెలా ఉందని ఆవిణ్ణి ఒక్కడూ అడగలేదు. అందుకే మెరుగు అనే మాట వింటే నాకు మండుతుంది.

ఎర్రమందారం:
ఓహో, గొడవ గాడ్సీతో కాదన్నమాట! మా అమ్మ స్పిన్నింగు మిల్లు కార్మికురాలు. మిల్లుకి తాళం పడ్డాక ఇంట్లో పది రూపాయలకీ చెయ్యి చాపాల్సి వచ్చింది. ఆ రోజులే నయమని తను అంటే అది మోజా?

ముక్కుసూటి:
మీ అమ్మగారంటే నమ్ముతాను. ఆవిడ తరఫున ఇంకొకరు పుస్తకం రాస్తేనే అనుమానం.

పక్కింటి_పిన్ని:
ఎథ్నోగ్రఫీ అంటేనే వెళ్లి కూర్చుని వినడం కదయ్యా. సరే, మీ అమ్మని నువ్వెప్పుడైనా అడిగావా?

ముక్కుసూటి:
1968 ఆంక్షల గురించి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.