ప్రవేశ స్థాయి డీఎస్‌ఎల్‌ఆర్ చాలా, మొదటే మధ్య శ్రేణి బాడీకి వెళ్లాలా?

తొలిఫ్రేము:

సభ్యులకు నమస్కారం. ఇంతకాలం ఫోనుతోనే ఫొటోలు తీస్తూ వచ్చాను. ఇప్పుడు డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండి, లెన్స్ మార్చుకోగల కెమెరా) కొనాలని నిర్ణయించుకుని, ఎంపికను నికాన్ డీ3500, నికాన్ డీ7500 అనే రెండు బాడీల (లెన్స్ లేని కెమెరాల) దాకా తెచ్చుకున్నాను. మొదటిది 2018లో వచ్చిన ప్రవేశ స్థాయి కెమెరా, రెండోది 2017లో వచ్చిన మధ్య శ్రేణి కెమెరా. రెండింటి ధరల మధ్య ఉన్న తేడాతో ఒక మంచి లెన్స్ కొనుక్కోవచ్చు. నేను ఎక్కువగా తీయబోయేవి మా అమ్మాయి నృత్య ప్రదర్శనలు, ఇంట్లో పిల్లల ఫొటోలు, వీలున్నప్పుడు పక్షులు. మరో చర్చలో ఒక సభ్యుడు "ప్రవేశ స్థాయి బాడీ కొన్నవారు ఏడాది తిరిగేలోగా ఇంకొకటి కొంటారు, కాబట్టి మొదటే పెద్దది కొనడం పొదుపు" అని రాశారు. ఆ మాట ఎంతవరకు నిజమో, ఏ తరహా ఫొటోలకు నిజమో అనుభవజ్ఞులు వివరించగలరని కోరుతున్నాను.

వెలుగునీడలు:

తొలిఫ్రేము గారూ, ఆ మాటతో నేను ఏకీభవించను. ఖరీదైన బాడీ మెరుగైన ఫొటోను ఇస్తుందన్న నమ్మకం మీద అది నిలబడి ఉంది. మీరు చెప్పిన రెండు కెమెరాల విషయంలో ఆ నమ్మకానికి ఆధారం లేదు. డీ3500లో 24.2 మెగాపిక్సెళ్ల సెన్సర్ (బొమ్మను పట్టే చిప్) ఉంది, డీ7500లో 20.9 మెగాపిక్సెళ్లది ఉంది. రెండూ ఏపీఎస్-సీ పరిమాణంలోనివే, అంటే సుమారు 23.5 మి.మీ. వెడల్పు, 15.7 మి.మీ. ఎత్తు ఉన్నవే. ఒకే లెన్స్, ఒకే ఎక్స్‌పోజర్ (సెన్సర్ మీద పడనిచ్చే వెలుతురు) పెట్టి ఒకే దృశ్యాన్ని తీసి పక్కపక్కన ఉంచితే ఏది దేనితో తీసినదో చెప్పడం చాలామందికి సాధ్యం కాదు. 36 × 24 మి.మీ. ఉండే ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌కు వెళ్లినప్పుడు వైశాల్యం రెండింతలకు పైగా పెరుగుతుంది, అప్పుడు తక్కువ వెలుతురులో తేడా కనబడుతుంది. మీరు పోల్చుతున్నది ఆ మెట్టును కాదు.

ఇక మీ అసలు అవసరమైన నృత్య ప్రదర్శనను తీసుకుందాం. బాడీతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్‌ను 55 మి.మీ. దగ్గర ఉంచితే అపెర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం; ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ పెద్దదవుతుంది) ఎఫ్/5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. వేదిక మీది వెలుతురుకు ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) 6400 పెట్టినా షట్టర్ వేగం సెకనులో 60వ వంతు దగ్గర ఆగిపోయిందనుకోండి. తిరుగుతున్న చేయి, ఎగిరిన జడ ఆ వేగంలో చెదిరిపోతాయి. లెన్స్‌లో ఉన్న వీఆర్ (వణుకు తగ్గించే ఏర్పాటు) మన చేతి వణుకును ఆపుతుందే తప్ప నర్తకి కదలికను ఆపలేదు. అదే చోట 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్ పెడితే తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు లోపలికి వస్తుంది. అందులో నాలుగు రెట్లు షట్టర్‌కు ఇచ్చి వేగాన్ని 250వ వంతుకు పెంచవచ్చు, మరో రెండు రెట్లతో ఐఎస్ఓను 3200కు దించవచ్చు. ఈ మేలు ఏ బాడీ మార్పిడితోనూ రాదు. కిట్ లెన్స్ తగిలించిన డీ7500 కన్నా ఎఫ్/1.8 లెన్స్ తగిలించిన డీ3500 మీకు చాలా మెరుగైన ఫలితం ఇస్తుందని నేను నిస్సంకోచంగా చెబుతాను.

రెక్కలచప్పుడు:

వెలుగునీడలు గారు లెన్స్ గురించి చెప్పినదాన్ని ఎవరూ కాదనలేరు. అయితే ఆయన ఫొటో తీసిన తరువాత కనబడే నాణ్యతనే కొలుస్తున్నారు. బాడీకి పెట్టే అదనపు ఖర్చు ఆ ఫొటో దొరకడానికి పనికొస్తుంది. డీ3500లో ఫోకస్ బిందువులు 11, వాటిలో క్రాస్ రకానిది మధ్యలో ఉన్న ఒక్కటే. డీ7500లో 51 ఉన్నాయి, వాటిలో 15 క్రాస్ రకానివి. క్రాస్ రకం బిందువు నిలువు గీతలనూ అడ్డ గీతలనూ పట్టుకుంటుంది. మిగిలినవి ఒకే దిశలో ఉన్న గీతలను మాత్రమే పట్టుకుంటాయి. కొంగ నీటి మీద నుంచి లేచి పక్కకు తిరిగిందంటే, అది మధ్య బిందువును దాటిన క్షణంలోనే 11 బిందువుల కెమెరా దాన్ని వదిలేసి వెనుక ఉన్న రెల్లుగడ్డిని పట్టుకునే అవకాశం ఎక్కువ. 51 బిందువుల కెమెరా పక్షిని ఒక బిందువు నుంచి మరో బిందువుకు అప్పగించుకుంటూ వెంబడిస్తుంది. దానికి తోడు డీ3500 తీసే సెకనుకు 5 ఫ్రేములకు, డీ7500 తీసే 8 ఫ్రేములకు మధ్య ఉన్న తేడా రెక్క పైకి లేచిన ఫొటో దొరకడమా, సగం మడిచిన ఫొటోతో సరిపెట్టుకోవడమా అన్నదాన్ని తేలుస్తుంది.

మరో విషయం మసక వెలుతురు. డీ3500 ఆటోఫోకస్ పనిచేయడానికి కనీసం మైనస్ 1 ఈవీ (వెలుతురు కొలత; ఒక్కో అంకె తగ్గితే వెలుతురు సగమవుతుంది) వెలుతురు కావాలి; డీ7500 మైనస్ 3 ఈవీ దాకా దిగగలదు. అంటే నాలుగో వంతు వెలుతురులోనూ అది ఫోకస్ చేయగలదు. ప్రదర్శనలు తీయబోయే వ్యక్తికి దీన్ని చెప్పకుండా ఉండడం సరికాదు.

డయళ్ల సంగతి కూడా చెప్పాలి. డీ3500లో ఒకే కమాండ్ డయల్ ఉంది. మాన్యువల్ మోడ్‌లో అది షట్టర్ వేగాన్ని మారుస్తుంది. అపెర్చర్ మార్చాలంటే ఒక బటన్ నొక్కిపట్టి అదే డయల్‌ను తిప్పాలి. డీ7500లో ముందొకటి, వెనుకొకటి ఉన్నాయి కాబట్టి కన్ను వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే కిటికీ) నుంచి తీయకుండానే రెండూ మారతాయి. ఆ వ్యూఫైండర్ కూడా పెంటాప్రిజంతో (గాజు పట్టకంతో) చేసినది, ఫ్రేము మొత్తాన్ని చూపిస్తుంది. డీ3500లోని పెంటామిర్రర్ (అద్దాల కూర్పు) 95 శాతమే చూపిస్తుంది, చిన్నదిగానూ కాస్త మసకగానూ ఉంటుంది. నేర్చుకునేవాడికే స్పష్టంగా కనబడే కిటికీ ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

బొమ్మలపెట్టె:

ఇద్దరూ ప్రస్తావించని ఒక సంగతి. డీ3500 బాడీలో ఫోకస్ మోటార్ లేదు. లెన్స్‌లోనే మోటార్ ఉన్న ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ వంటి రకాలు మాత్రమే దాని మీద ఆటోఫోకస్ అవుతాయి. 50 మి.మీ. ఎఫ్/1.8లో 'డీ' అన్న అక్షరంతో ఉండే పాత నమూనాను చవకగా వస్తోందని తీసుకుంటే చేత్తో తిప్పుకుంటూ కూర్చోవలసి వస్తుంది. వ్యూఫైండర్‌లో ఫోకస్ కుదిరిందని చెప్పే చుక్క వెలుగుతుంది కానీ నృత్యానికి అది చాలదు. 2011లో వచ్చిన 'జీ' నమూనాలో మోటార్ ఉంది, దాన్నే తీసుకోండి. రేపు నికాన్ మిర్రర్‌లెస్ (అద్దం లేని) బాడీకి మారి, ఈ లెన్సులను దానికి తగిలించే ఎఫ్‌టీజడ్ అడాప్టర్ వాడినా ఇదే నియమం వర్తిస్తుంది: మోటార్ ఉన్న లెన్సులు ఆటోఫోకస్ అవుతాయి, 'డీ' రకం అవదు.

వెలుగునీడలు:

బొమ్మలపెట్టె గారికి ధన్యవాదాలు, లెన్స్ కొనే ముందు అందరూ తెలుసుకోవలసిన విషయమది.

రెక్కలచప్పుడు గారు పక్షుల గురించి చెప్పినదంతా సరైనదే, అక్కడ నాకు వాదన లేదు. మసక వెలుతురు గురించి చెప్పినదాన్ని మాత్రం లెక్క వేసి చూడాలి. ఐఎస్ఓ 3200, ఎఫ్/1.8, 250వ వంతు సెకను అనే ఎక్స్‌పోజర్ సరిపోయే వేదిక వెలుతురు ఐఎస్ఓ 100 లెక్కన సుమారు 4.7 ఈవీ అవుతుంది. డీ3500 కనీస అవసరమైన మైనస్ 1 కన్నా అది ఐదున్నర స్టాపులకు (ఒక్కో స్టాపు అంటే రెండింతల వెలుతురు) పైన ఉంది. మైనస్ 1, మైనస్ 3 మధ్య తేడా వెన్నెలలో ఫొటో తీసేవారికి పనికొస్తుంది. దీపాలతో వెలిగే వేదికకు ఆ లెక్క అడ్డం రాదు. డయళ్ల వాదన కూడా వేదిక దగ్గర నిలవదు. ప్రదర్శన మొదలయ్యాక షట్టర్, అపెర్చర్ రెండూ దాదాపు స్థిరంగానే ఉంటాయి, మాటిమాటికీ తిప్పే పని ఉండదు.

బరువు గురించి ఎవరూ మాట్లాడలేదు. బ్యాటరీ, కార్డుతో కలిపి డీ3500 415 గ్రాములు, డీ7500 720 గ్రాములు. పిల్లలను ఎత్తుకుని తిరిగే ఇంట్లో తేలికైన కెమెరా బయటికి వస్తుంది, బరువైనది అలమరలో ఉండిపోతుంది. ఒక్క ఛార్జికి మొదటిది 1550 ఫొటోలు తీస్తుందని నికాన్ చెబుతుంది, రెండోది 950.

మూడోకన్ను:

ఇక్కడ నన్ను బాధించే విషయం వేరే ఉంది. ప్రవేశ స్థాయి కెమెరాల్లో లేని వాటిలో కొన్ని ఖర్చు తగ్గించడానికి తీసేసినవి, కొన్ని పై నమూనాల అమ్మకాన్ని కాపాడడానికి తీసేసినవి. పెంటాప్రిజం, రెండో డయల్, ఫోకస్ మోటార్ మొదటి కోవలోకి వస్తాయి, వాటిని నేను అర్థం చేసుకోగలను. రెండో కోవకు పాత ఉదాహరణ ఉంది. 2003లో కానన్ ఈఓఎస్ 300డీ వచ్చినప్పుడు అందులో ఉన్నది ఖరీదైన 10డీలో ఉన్న 6.3 మెగాపిక్సెళ్ల సెన్సరే. ఫ్లాష్ ఎక్స్‌పోజర్ సవరణ, మిర్రర్ లాకప్ (ఫొటోకు ముందే అద్దాన్ని పైకెత్తి ఉంచడం) వంటి వాటిని అందులో ఇవ్వలేదు. ఔత్సాహికులు ఫర్మ్‌వేర్‌ను (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్‌ను) మార్చి అవి ఆ కెమెరాలో పనిచేయగలవని నిరూపించారు. 2019లో వచ్చిన కానన్ 250డీలో ఫ్లాష్ తగిలించే చోట మధ్యన ఉండవలసిన పిన్నునే తీసేశారు. దానితో ఇతర సంస్థల సాధారణ ఫ్లాష్‌లు, ట్రిగ్గర్లు దాని మీద వెలగవు. దశాబ్దాలుగా చాలా కెమెరాలలో ఉన్న సంబంధం అది. దాన్ని తీసేయడం వల్ల కొన్నవారికి కలిగిన లాభం నాకు ఎంత వెతికినా కనబడలేదు.

డీ3500లోనూ ఇలాంటివి ఉన్నాయి. ఎక్స్‌పోజర్ బ్రాకెటింగ్ (ఒకే దృశ్యాన్ని వేర్వేరు ఎక్స్‌పోజర్లలో కెమెరాయే వరుసగా తీయడం) లేదు. వెలుతురు తేడా ఎక్కువున్న దృశ్యాన్ని మూడు ఎక్స్‌పోజర్లలో తీయాలంటే ప్రతిసారీ చేత్తో మార్చుకోవాలి, ఆ తాకిడికి ఫ్రేము జరుగుతుంది. బయటి మైక్ తగిలించే చోటు లేదు కాబట్టి ప్రదర్శన వీడియోలో పాట ఎలా వినబడితే అలా తీసుకోవలసిందే. రా ఫైలు (సెన్సర్ ఇచ్చిన ముడి ఫైలు) 12 బిట్లదే, డీ7500లో 14 బిట్లు పెట్టుకునే వీలుంది. ఈ చివరిది పెద్ద లోపం కాదు. ముదురు నీడలను బాగా పైకి లాగినప్పుడే తెలుస్తుంది. గరిష్ఠ షట్టర్ వేగం 4000వ వంతు అన్నది మాత్రం ఎఫ్/1.8 లెన్స్ కొనబోయేవారికి చెప్పి తీరాలి. నడి ఎండలో ఐఎస్ఓ 100 దగ్గర ఎఫ్/1.8 వాడాలంటే దాదాపు 8000వ వంతు కావాలి. అది డీ7500లో ఉంది. డీ3500లో అపెర్చర్‌ను ఎఫ్/2.5 దాకా మూయక తప్పదు. పిల్లల ఫొటోలకు అది చాలులెండి, కానీ తెలిసి కొనాలి.

రెక్కలచప్పుడు:

వేదిక వెలుతురు విషయంలో వెలుగునీడలు గారి లెక్క సరైనదేనని అంగీకరిస్తాను. అయినా కొనుగోలుదారు ముందు రెండే దారులు ఉన్నట్టు మనం మాట్లాడుతున్నాం. 2015లో వచ్చిన డీ7200ను వాడినదిగా తీసుకుంటే డీ7500లో ఉన్నవాటిలో చాలావరకు దొరుకుతాయి: 51 ఫోకస్ బిందువులు, మైనస్ 3 ఈవీ, రెండు డయళ్లు, పెంటాప్రిజం, బాడీలో మోటార్. సెన్సర్ 24.2 మెగాపిక్సెళ్లది. డీ7500లో లేని రెండో కార్డు అర కూడా ఇందులో ఉంది. వేగం సెకనుకు 6 ఫ్రేములు, పక్షులకు కాస్త తక్కువే, కానీ డీ3500 కన్నా మెరుగు. దీని షట్టర్‌ను 1,50,000 క్లిక్కుల దాకా పరీక్షించారు. కొనేముందు దానితో అప్పుడే తీసిన ఫొటో ఫైలును అడిగి తీసుకోండి. షట్టర్ ఎన్నిసార్లు పనిచేసిందో అందులో నమోదై ఉంటుంది. ఎఫ్/16 దగ్గర ఖాళీ ఆకాశాన్ని తీసి చూస్తే సెన్సర్ మీద మరకలు ఉంటే బయటపడతాయి.

తొలిఫ్రేము:

అందరికీ కృతజ్ఞతలు. నేను పక్షులను తీసేది అప్పుడప్పుడే. ప్రదర్శనలు, పిల్లలే నాకు ముఖ్యం. వాడిన కెమెరాను పరీక్షించి కొనేంత నైపుణ్యం నాకు ఇంకా లేదు. కాబట్టి డీ3500, 50 మి.మీ. ఎఫ్/1.8జీ వైపు మొగ్గుతున్నాను. వేదికకు ఎంత దూరంలో కూర్చుంటే ఈ లెన్స్ సరిపోతుంది? ఎఫ్/1.8 దగ్గర నర్తకులందరూ స్పష్టంగా వస్తారా?

వెలుగునీడలు:

కెమెరాను నిలువుగా పట్టుకుంటే 5 మీటర్ల దూరంలో ఈ లెన్స్ సుమారు 2.35 మీటర్ల ఎత్తును పడుతుంది, అంటే చేతులు పైకెత్తి నిలబడిన మనిషి నిండుగా వస్తారు. 10 మీటర్ల దూరంలో కూర్చోవలసి వస్తే 85 మి.మీ. ఎఫ్/1.8జీ సరైనది. స్పష్టత విషయానికి వస్తే, 5 మీటర్ల దగ్గర ఎఫ్/1.8లో స్పష్టంగా ఉండే లోతు 70 సెంటీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే. ఒక్కరికి చాలు, ముందు వెనుక వరుసల్లో ఉన్న బృందం అంతా స్పష్టంగా రారు. బృందానికి ఎఫ్/4 పెట్టి, షట్టర్ వేగాన్ని బాగా తగ్గించి, అందరూ ఒక భంగిమలో నిలిచే క్షణం కోసం చూడండి. మధ్య బిందువునే వాడండి. వెనుక నల్ల తెర ఉంటే ఆటో ఐఎస్ఓ పొరబడి ముఖాలను తెల్లబరుస్తుంది, కాబట్టి మాన్యువల్ మోడ్‌లో ఐఎస్ఓను కూడా మీరే స్థిరపరచి, ముఖం మీది వెలుతురును బట్టి సరిచూసుకోండి.

రెక్కలచప్పుడు:

అలాగే కొనబోతున్నట్లయితే ఒక్క జాగ్రత్త తీసుకోండి. లెన్స్‌కూ బాడీకీ మధ్య స్వల్ప తేడా ఉండి ఫోకస్ కంటి మీద కాక చెవి మీద పడితే, డీ7500లో ఏఎఫ్ ఫైన్ ట్యూన్‌తో సరిచేసుకోవచ్చు. డీ3500లో ఆ సౌకర్యం లేదు. అందుచేత బాడీని, లెన్స్‌ను ఒకేసారి తీసుకుని, కెమెరాను స్టాండు మీద బిగించి, ఎఫ్/1.8 దగ్గర అచ్చు అక్షరాలున్న కాగితాన్ని ఏటవాలుగా పెట్టి, ముందు వ్యూఫైండర్‌తో, తరువాత లైవ్ వ్యూతో (వెనుక తెర మీద చూస్తూ) ఫోకస్ చేసి తీయండి. లైవ్ వ్యూ సెన్సర్ మీది బొమ్మను చూసే ఫోకస్ చేస్తుంది కాబట్టి దాన్ని కొలబద్దగా తీసుకోవచ్చు. రెండు ఫొటోల్లో స్పష్టంగా వచ్చిన వరుస ఒకటే కాకపోతే, వాపసు గడువు దాటకముందే లెన్స్ మార్పించుకోండి.