ఎగ్జిమాకి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్: రాయాలా, వద్దా?

చిన్నోడి అమ్మ: మా నాలుగేళ్ల బాబుకి మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎగ్జిమా. రాత్రంతా గోక్కుంటాడు, తెల్లారేసరికి దుప్పటి మీద రక్తపు మరకలు. డాక్టర్‌గారు స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాశారు. ఇంట్లో మాత్రం "స్టెరాయిడా, వద్దే వద్దు" అంటున్నారు. ఏం చేయమంటారు?

రఘు: వద్దమ్మా. మా తమ్ముడు గజ్జల్లో తామరకి ఎవరో చెప్పిన స్టెరాయిడ్ ట్యూబు రాశాడు. రెండ్రోజుల్లో దురద మాయం. ఆపగానే రెట్టింపు. మళ్లీ రాశాడు. నెలల తరబడి ఇదే వరస. చివరికి తొడల మీద ఎర్రటి చారలు పడ్డాయి. ఇప్పుడవి తెల్లబడ్డాయే గానీ పోలేదు.

ల్యాబ్‌కోటు: రఘుగారూ, రెండింటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. తామరకి కారణం ఫంగస్. స్టెరాయిడ్ దాన్ని చంపదు, దాని మీద ఒళ్లు చేసే పోరాటాన్ని అణచేస్తుంది. దురద తగ్గుతుంది, ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది. తామర మచ్చకుండే గుండ్రటి అంచు చెరిగిపోయి, తర్వాత చూసే డాక్టర్ కూడా పోల్చుకోలేని పరిస్థితి వస్తుంది. అనుమానం ఉంటే అంచు దగ్గర పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తారు. ఫంగస్ ఉంటే దారాల్లా కనబడుతుంది.

ఎగ్జిమా అంటు కాదు. అక్కడ చర్మం తేమ నిలుపుకోలేదు, పైగా రోగనిరోధక వ్యవస్థ అతి చేస్తుంది. దానివల్ల వచ్చే వాపును అణచడమే వైద్యం. హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ పూత చర్మానికి పనిచేస్తుందని 1952లోనే తేలింది.

రఘు: సరే, జబ్బు వేరే అనుకుందాం. స్టెరాయిడ్ రాస్తే చర్మం పలచబడుతుందనడం అబద్ధమా?

ల్యాబ్‌కోటు: అబద్ధం కాదు. కానీ ఏ మందు, ఎక్కడ, ఎన్నాళ్లు అన్నది చూడాలి. 1 శాతం హైడ్రోకార్టిసోన్‌కీ, క్లోబెటాసాల్ అనే మరో స్టెరాయిడ్‌కీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. క్లోబెటాసాల్ 0.05 శాతమే ఉంటుంది, ఘాటు మాత్రం దానిదే ఎక్కువ. శాతం చూసి మోసపోకండి. ముఖం, చంకలు, గజ్జల్లో చర్మం పలచన, మందును ఎక్కువ పీల్చుకుంటుంది. మీ తమ్ముడికి చారలు పడింది అక్కడే కదా.

పొడిచర్మం: చిన్నప్పట్నుంచీ ఎగ్జిమా ఉన్నదాన్ని, నా మాట వినండి. భయపడి పూసీ పూయనట్టు రాస్తే జబ్బు తగ్గదు, మందు వాడకం మాత్రం సాగుతూనే ఉంటుంది. పెద్దవాళ్ల చూపుడువేలి చివరి కణుపు పొడవున ట్యూబు నుంచి పిండితే దాదాపు అర గ్రాము. అది వేళ్లతో సహా పెద్దవాళ్ల రెండు అరచేతులంత మేర చర్మానికి సరిపోతుంది.

రఘు: అమ్మా, ఏ మందు? ఎన్ని రోజులని రాశారు?

చిన్నోడి అమ్మ: ట్యూబు మీద మోమెటాసోన్ అని ఉందండీ. చీటీలో రోజులు లేవు.

రఘు: చూశారా! నా గొడవంతా ఇదే.

ల్యాబ్‌కోటు: ఇక్కడ మాత్రం మీతో ఏకీభవిస్తాను. మోమెటాసోన్ కాస్త గట్టి స్టెరాయిడే. ఎన్నాళ్లు రాయాలో, ఎప్పుడు ఆపాలో ఫోన్ చేసైనా అడగండమ్మా. ఈలోపు ముఖానికి మాత్రం రాయకండి.

చిన్నోడి అమ్మ: రేపే అడుగుతాను. మరి మాయిశ్చరైజర్ ముందా, ఇది ముందా?

పొడిచర్మం: ఏది ముందైనా పర్లేదు, మధ్యలో కాసేపు ఆగండి. ఎరుపు తగ్గిందని మాయిశ్చరైజర్ మానేయకండి, అది రోజూ ఉండాల్సిందే. బాబు గోళ్లు కూడా పొట్టిగా కత్తిరించండి.