1977 పాంటియాక్ ట్రాన్స్ ఆమ్ కారులో ఏ ఇంజన్ ఉందో ఎలా తేల్చుకోవాలి?

కాలేజీ రోజుల్లో అరిగిపోయిన వీసీఆర్ క్యాసెట్‌లో ‘స్మోకీ అండ్ ది బాండిట్’ చూశాను. బర్ట్ రేనాల్డ్స్ నవ్వు, ఆ నల్ల ట్రాన్స్ ఆమ్, వెనక పోలీసులు... ఆ పిచ్చి ఇంకా వదల్లేదు.

ఇప్పుడు డాలస్‌లో 1977 కారు ఒకటి అమ్మకానికి ఉంది. బానెట్ మీద పెద్ద పక్షి బొమ్మ కూడా చెక్కుచెదరలేదు. పాంటియాక్ 400 ఇంజన్ అంటున్నాడు అమ్మే ఆయన. స్కూప్ (బానెట్‌లోంచి పైకి పొడుచుకొచ్చే గాలి మూత) మీద మాత్రం శక్తి ఎక్కువున్న 400కి వేసే ‘టీ/ఏ 6.6’ స్టిక్కర్ కాదు, ‘6.6 లీటర్’ అని ఉంది. అంటే ఓల్డ్స్‌మొబైల్ 403 కూడా అయి ఉండొచ్చు కదా? (మామూలు 400కీ అదే స్టిక్కర్, అదే టెన్షన్.) ఆయిల్ పోసే గొట్టం ఇంజన్ ముందు వైపు ఉంటే 403 అని ఖాయం చేసుకోవచ్చా? మధ్యలో ఇంజన్ మార్చారేమో ఎలా పట్టుకోవాలి?

శనివారం చూడటానికి వెళ్తున్నాను. మా ఆవిడైతే ముందు తుప్పు చూడమంటోంది. తుప్పు ఎక్కడెక్కడ వెతకాలో కూడా చెప్పండి.