ఈ ఉక్కలో పిల్లల్ని ఎక్కడికి, ఎన్నింటికి తీసుకెళ్తున్నారు? (వైజాగ్)

మధురవాడ_కొత్తవాళ్లం:
జనవరిలో హైదరాబాద్ నుంచి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చాం. పాపకి ఏడేళ్లు, బాబుకి మూడున్నర. అక్కడ 41 డిగ్రీలున్నా చెట్టు నీడకి చేరితే ప్రాణం లేచొచ్చేది. ఇక్కడ ఫోన్లో 34 అని చూపిస్తుంది, నీడలో నిలబడ్డా బట్టలు తడిసిపోతున్నాయి. మొన్న ఆదివారం పదిన్నరకి జూకి వెళ్లాం. తప్పు మాదే, టిఫిన్లు చేసి బయల్దేరేసరికి ఆ టైమైంది. నీటి ఏనుగు దాకా వెళ్లేసరికి బాబు రోడ్డు మీదే కూర్చుని "ఎత్తుకో" అని ఏడుపు. తెల్లపులి ఎక్కడో వెనక నీడలో పడుకుని తల కూడా ఎత్తలేదు. "పులికి కూడా వడదెబ్బ తగిలిందా అమ్మా?" అంటుంది పాప. టికెట్లు దండగ చేసుకుని ఇంటికొచ్చేశాం. సెలవులన్నీ మాల్‌లోనే గడపాలా? మీరంతా ఏం చేస్తున్నారు?

పెదవాల్తేరు_తాత:
అమ్మా, హైదరాబాద్ ఎండ నెత్తి మీద కొడుతుంది. మా ఎండ చొక్కాలో దూరి కూర్చుంటుంది. చెమట ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది! ఇక్కడ గాలిలోనే బోలెడు తేమ, ఇక చెమట ఆరేదెక్కడ? అందుకే ఫోన్లో అంకె చూసి బయల్దేరకండి, గడియారం చూసి బయల్దేరండి.

నేను ఇద్దరు మనవల్ని తెల్లవారుజామున నాలుగూ ముప్పావుకి లేపుతాను. మొదట్లో మా కోడలు నన్ను శత్రువుని చూసినట్టు చూసింది. ఇప్పుడు తనే ఫ్లాస్కులో పాలు పోసిస్తోంది. మే నెలలో అయిదున్నర లోపే సూర్యుడు సముద్రంలోంచి వచ్చేస్తాడు. ఆ వేళకి బీచ్ రోడ్డు మీద కోస్టల్ బ్యాటరీ వైపు బళ్లు ఆపేస్తారు కాబట్టి పిల్లలు రోడ్డంతా మాదే అన్నట్టు సైకిళ్లు తొక్కుతారు. తర్వాత లాసన్స్ బే వైపు వెళ్తాం. అదృష్టం బాగుంటే జాలరిపేట వాళ్లు వల లాగుతుంటారు. రెండు తాళ్లకి చెరో వైపు పది పన్నెండు మంది. "లాగుతావా బుజ్జీ?" అని వాళ్లే పిలుస్తారు. మా వాడు తాడు చివర వేలాడతాడు, అంతే, తర్వాత రోజంతా ఆ వల తనే లాగినట్టు ఊరందరికీ చెప్తాడు.

నీళ్లలో మాత్రం చీలమండ దాటనివ్వను. మన ఒడ్డు మెల్లగా లోతవ్వదు, నాలుగడుగుల్లో జారిపోతుంది. వెనక్కి పోయే అల కాళ్లకింద ఇసుకని లాక్కుపోతుంది. ముప్పై ఏళ్లు పోర్టులో పనిచేసినవాణ్ణి, నాకే భయం. ఏడు దాటకుండా ఇంటికి. రాగానే చోడి (రాగి) అంబలిలో మజ్జిగ కలిపి ఇస్తే గుక్కతిప్పుకోకుండా తాగేస్తారు.

ఎంవీపీ_షిఫ్ట్_నాన్న:
తాతగారూ, రాత్రి షిఫ్ట్ చేసి ఆరింటికి ఇంటికొచ్చేవాడు నాలుగూ ముప్పావుకి ఎలా లేస్తాడండీ :) మావన్నీ సాయంత్రాలే. మధ్యాహ్నానికి నేల వేడెక్కి సముద్రపు గాలి మళ్లుతుంది కాబట్టి అయిదు దాటాక తెన్నేటి పార్కులో కూర్చోగలం. కైలాసగిరి మీద ఇంకా నయం, టాయ్ ట్రైన్ కూడా ఉంది. ఆదివారం మాత్రం వద్దు, జనం ఉక్క వేరే.

ఒక్క మాట. జూకి, ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన సబ్‌మెరైన్‌కి రెంటికీ సోమవారం సెలవు. సెలవుల్లో మనకి వారాలు గుర్తుండవు కదా, పిల్లల్ని వేసుకుని జూ గేటు దాకా వెళ్లి, సరే సబ్‌మెరైన్ చూద్దామని ఆర్కే బీచ్‌కి వచ్చి, అక్కడా తాళం చూసి, చివరికి మురీ మిక్చర్ తిని ఇంటికెళ్లిన ఘనుణ్ణి నేను. ఇంకో రోజు మళ్లీ వెళ్లాం. ఆ సబ్‌మెరైన్ పేరు కురుసుర, 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసింది, పొడవు 91 మీటర్లు. లోపల మా అమ్మాయి అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, "వీళ్లు ఎక్కడ స్నానం చేసేవాళ్లు?" నా దగ్గర జవాబు లేదు.

నర్సు_అక్క:
ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం ఒకేసారి, దాని మీద రాసినన్ని నీళ్లలో కలపాలి, పెద్ద ప్యాకెట్ అయితే లీటరు. గ్లాసుకి కొంచెం కొంచెం అని అంచనాగా వేయొద్దు. డబ్బాల్లో వచ్చే తీపి జ్యూసులు దానికి బదులు కావు. పిల్లాడు గంటల తరబడి ఒంటికి పోయకపోయినా, ఏడ్చినా కన్నీళ్లు రాకపోయినా డాక్టర్‌కి చూపించండి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, మత్తుగా ఉంటే వెంటనే ఆసుపత్రికి. దారిలో తడిగుడ్డతో తుడుస్తూ విసరండి, మత్తులో ఉన్న పిల్లాడి నోట్లో నీళ్లు పోయకండి.

మధురవాడ_కొత్తవాళ్లం:
నిన్న వెళ్లాం బాబాయ్‌గారూ! మావారు అలారం రెండుసార్లు ఆపేశారు, అయినా అయిదూ ఇరవైకి చేరిపోయాం. వల దొరికింది. బాబు తాడు పట్టుకుంటే వాళ్లు "హైసా" అన్నారు, వీడూ అన్నాడు, ఇప్పుడు ఇంట్లో కుర్చీ జరపాలన్నా హైసాయే. వలలో ఎక్కువ పడింది ప్లాస్టిక్ కవర్లే, పాప అవి లెక్కపెట్టింది, ముప్పై ఒకటి. ఏడింటికి కారెక్కేసరికి మెడ వెనక చెమట మొదలైంది, అప్పటికే మేం బయల్దేరిపోయాం.

ఒక్క సందేహం. బాబు నిక్కరు జేబుల నిండా తడి ఇసుక. వాషింగ్ మెషీన్‌లో వేసేయొచ్చా?

పెదవాల్తేరు_తాత:
అమ్మో, వేయొద్దు తల్లీ. జేబులు తిరగేసి బాల్కనీలో ఆరేసి, బాగా ఎండాక దులుపు.