తవుడు నూనె, యూషో: వంటనూనెలోకి పీసీబీ ఎలా వచ్చింది, ఒంట్లోంచి ఎందుకు పోలేదు?

తవుడుబస్తా:
1968లో పశ్చిమ జపాన్‌లో వచ్చిన యూషో (నూనె జబ్బు) గురించి చదువుతున్నాను. తవుడు నూనెలో పీసీబీ (పాలీక్లోరినేటెడ్ బైఫినైల్ అనే విష రసాయనం) కలిసిందట, అదీ కల్తీ కాదట. వంటనూనె ఫ్యాక్టరీలో పీసీబీకి అసలేం పని? ఆ నూనె మానేసి ఇన్నేళ్లయినా బాధితులకు జబ్బు ఎందుకు వదల్లేదు? మనం వాడే రైస్ బ్రాన్ ఆయిల్‌కూ ఈ గండం ఉందా?

డియోడరైజర్:
పీసీబీని నూనెలో కలపరండి, దాంతో నూనెను వేడిచేసేవారు. తవుడు నూనెకు వాసన పోవాలంటే ట్యాంకులో వాక్యూమ్ పెట్టి, 200 డిగ్రీలు దాటించి, అడుగు నుంచి ఆవిరి వదలాలి. ఆ వేడి ఇచ్చేది ట్యాంకు లోపలి స్టీలు కాయిల్‌లో తిరిగే ద్రవం. ఆ విషపు నూనె తయారైన కనెమి ఫ్యాక్టరీలో అది కనెక్లోర్ 400 అనే పీసీబీ. అంత తొందరగా నిప్పంటుకోదు, చెడదు. అందుకే అప్పట్లో దానికంత గిరాకీ.

కాయిల్‌కి చిల్లులు పడ్డాయి. తుప్పు వల్లనా, వెల్డింగ్ పొరపాటు వల్లనా అన్నది ఏళ్ల తరబడి నలిగిన వాదన. ఏదైనా ఫలితం ఒకటే. ట్యాంకులో వాక్యూమ్, కాయిల్‌లో పంపు ఒత్తిడి. కాబట్టి నూనె కాయిల్‌లోకి పోదు, ద్రవమే నూనెలోకి దిగుతుంది. బయట చుక్క కారకుండా ద్రవం మట్టం తగ్గి, మాటిమాటికీ టాప్‌అప్ చేయాల్సి వస్తోందంటే అది నూనెలోకే పోతోందని లెక్క.

కోళ్లు ముందే చెప్పాయి. ఫిబ్రవరిలోనే అదే ఫ్యాక్టరీ ఉప ఉత్పత్తి 'డార్క్ ఆయిల్' కలిసిన దాణా తిని దాదాపు 4 లక్షల కోళ్లు చచ్చాయి. మనుషుల జబ్బు బయటపడింది అక్టోబరులో. ఆ ఎనిమిది నెలల జాప్యానికి క్షమాపణ లేదు.

విషలెక్క:
పైదానికి ఒక సవరణ. అసలు విలన్ పీసీబీ ఒక్కటే కాదు. కాయిల్‌లో పదే పదే కాగడంతో అందులో కొంత పీసీడీఎఫ్‌లుగా (పాలీక్లోరినేటెడ్ డైబెంజోఫ్యూరాన్లు అనే మరో విష రసాయనాలుగా) మారింది. పరిమాణంలో పీసీబీ కంటే ఎంతో తక్కువ, విషంలో ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే 2004లో రోగ నిర్ధారణ ప్రమాణాల్లో రక్తంలోని పీసీడీఎఫ్ మట్టాన్నీ చేర్చారు.

మొదట మొటిమల్లాంటి కురుపులు, గోళ్లు, చిగుళ్లు నల్లబడటం, కనురెప్పల గ్రంథుల నుంచి జున్నులాంటి స్రావం, చేతులు కాళ్లు తిమ్మిరి. గర్భిణులు తిన్న చోట పిల్లలు నల్లబారిన చర్మంతో పుట్టారు. చర్మం కొంత తేరుకున్నా తిమ్మిరి, దగ్గు, కళ్లె, నీరసం ఏళ్లకేళ్లు సాగాయి. తైవాన్‌లో 1979లో ఇదే తరహాలో తవుడు నూనె విషమైంది. అక్కడ తల్లి కడుపులో ఉండగా విషం తగిలిన పిల్లల్లో ఎదుగుదల, తెలివితేటల పరీక్షల్లో వెనుకబాటు కనిపించింది.

ఈ పీసీబీ, పీసీడీఎఫ్‌లు నీటిలో కరగవు కాబట్టి మూత్రంలో పోవు, కొవ్వులో దాక్కుంటాయి. మొదట్లో రక్తంలో మట్టం కాస్త వేగంగా తగ్గినా, తర్వాత ఏళ్లు గడిచినా సగానికి రావడమే కష్టం. విరుగుడు మందు లేదు. పేగుల్లోంచి బయటికి లాగడానికి కొలెస్టిరమిన్ అనే కొలెస్ట్రాల్ తగ్గించే మందుతో పాటు తవుడు పీచు ఇచ్చి చూశారు. తవుడు నూనెతో వచ్చిన జబ్బుకు తవుడు పీచు! హఠాత్తుగా బరువు తగ్గితే కొవ్వులోని విషం రక్తంలోకి వస్తుంది, కాబట్టి ఇలాంటివాళ్లు కఠిన ఉపవాసాల జోలికి పోకూడదు.

డియోడరైజర్:
సవరణ సరైనదే. ఇక మన సంగతి. పీసీబీ ఇప్పుడు ఎవరూ కాయిల్‌లో పోయరు. మన దేశంలో 2016 ఉత్తర్వుతో తయారీ, దిగుమతి ఆగాయి. కొత్త ప్లాంట్లు ఎక్కువగా హై ప్రెషర్ స్టీమ్ వాడతాయి, అది కారితే వచ్చేది నీరే. థర్మిక్ ఫ్లూయిడ్ (కాయిల్‌లో తిరిగి వేడి ఇచ్చే ద్రవం) ఉన్న చోట కాయిల్‌కి ప్రెషర్ టెస్ట్, టాప్‌అప్ లాగ్‌బుక్ తప్పనిసరిగా చూడాలి. కొనేవాళ్లు సీలున్న ప్యాకెట్ తీసుకోండి. పీసీబీ ఉండే అవకాశమున్న పాత ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ డ్రమ్ము కడిగి అందులో వంటనూనె పోయడం మాత్రం వద్దే వద్దు. సబ్బునీళ్లకు పీసీబీ పూర్తిగా వదలదు, మూకుడు వేడికి విరగదు.

తవుడుబస్తా:
అయితే రక్తపరీక్ష చేయించుకోవాలా?

విషలెక్క:
అక్కర్లేదండి. ఇది మామూలు ల్యాబులు చేసేది కాదు. ఫలానా నూనె విషమైందన్న ఆధారం ఉంటేనే ఆ పరీక్షకు అర్థం.